1992 మియాటాకి కొత్త టైర్లు: 14 లోనే ఉండాలా, 15 కి వెళ్లాలా, 17 పెట్టేయాలా?

తెనాలి_టు_టెక్సాస్ · మార్చి 8, శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు. ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. పోయిన వారం ఒక పెద్దాయన దగ్గర 1992 మాజ్దా మియాటా కొన్నాను. ఎరుపు రంగు, 1.6 లీటర్ ఇంజిను, 5 గేర్ల మాన్యువల్, 94 వేల మైళ్లు తిరిగింది. పవర్ స్టీరింగ్ లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండు సీట్ల బండి ఏమిటని మా ఆవిడ అడిగింది. ఆ చర్చ ఇక్కడ వద్దు.

బండికి కంపెనీ డిస్కులే (టైరు ఎక్కించే లోహపు చక్రాలు) ఉన్నాయి, 14 అంగుళాలవి. టైర్లు 185/60 ఆర్14. కొలిచి చూస్తే గాట్ల లోతు 7/32 అంగుళం ఉంది, అంటే సగం కూడా అరగలేదు. కానీ గంటకి 65 మైళ్లు దాటితే స్టీరింగ్ వణుకుతోంది. ఎలాగూ డబ్బు పెట్టాలంటే టైర్లతో పాటు డిస్కులు కూడా మార్చి 17 అంగుళాలు వేద్దామని ఉంది. ఫోటోల్లో అదిరిపోతున్నాయి. 205/40 ఆర్17 సరిపోతుందని ఒక వీడియోలో చెప్పారు. మీరేమంటారు?

కూకట్‌పల్లి_కుర్రాడు · అదే రాత్రి

17 వెయ్ బ్రో. 14 అంటే ఆటో చక్రాల్లా ఉంటాయి.

రబ్బరు_మావయ్య · మార్చి 9

బాబూ, సైజు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ టైర్ల పుట్టిన తేదీ చూడు. పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒక వైపు ఆ నాలుగంకెలు లేకుండా వరస సగంలోనే ఆగిపోయి ఉంటే, అవి లోపలి వైపు ఉన్నట్టు. టార్చి పట్టుకుని కింద దూరాల్సిందే. చూసి ఇక్కడ రాయి.

తెనాలి_టు_టెక్సాస్ · మార్చి 9

చూశాను మావయ్య గారూ. నాలుగింటికీ 2311 అని ఉంది. అంటే 2011 లో 23వ వారమా? మరి గాట్లు ఇంకా అంత లోతున్నాయి కదా. పెద్దాయన ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా నడపలేదట, ఎప్పుడూ గ్యారేజీలోనే ఉంచాడట.

రబ్బరు_మావయ్య · మార్చి 9

గ్యారేజీలో నిలబెట్టడమే వాటికి చేటు చేసింది. నేను సదాశివపేట దగ్గర టైర్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు చేశాను, కాబట్టి కొంచెం ఓపిగ్గా విను.

గాలిలో ఉండే ఓజోను రబ్బరును కొరుకుతుంది. దాన్ని ఆపడానికి రబ్బరు కలిపేటప్పుడే మైనం, కొన్ని రసాయనాలు వేస్తాం. టైరు తిరుగుతూ నలిగినప్పుడు ఆ మైనం కొద్దికొద్దిగా పైకి వచ్చి పొరలా కప్పుతుంది. రోజూ తిరిగే బండికి ఆ పొర ఎప్పటికప్పుడు కొత్తగా ఏర్పడుతుంది. నెలల తరబడి కదలని బండికి ఆ అవకాశం లేదు. దీనికి తోడు మీ టెక్సాస్ ఎండలు. వేడి పెరిగేకొద్దీ రబ్బరు లోపల కూడా గట్టిపడుతుంది, టైరు లోపల ఉండే ఉక్కు పట్టీలకూ రబ్బరుకూ మధ్య పట్టు తగ్గుతుంది. గాట్ల లోతు చూస్తే ఇవేవీ తెలియవు. అరిగి గుండైన టైరుని ఎవరైనా గుర్తుపడతారు. అరగని ముసలి టైరే మోసం చేస్తుంది.

ఎంత వయసుకు మార్చాలన్న దాని మీద అందరిదీ ఒకే మాట కాదు. కొన్ని కార్ల కంపెనీలు 6 ఏళ్లంటాయి. టైర్ల కంపెనీలు కొన్ని పదేళ్లు దాటితే చూడటానికి బాగున్నా తీసేయమంటాయి. నీవి ఆ రెండు లెక్కలూ దాటేశాయి.

ఇప్పుడు ఒక పని చెయ్యి. చక్రం జాకీ మీద లేపి, అరచేత్తో టైరు చుట్టూ మెల్లగా తడుముతూ తిప్పు. ఎక్కడైనా ఉబ్బు తగిలితే చెప్పు. వణుకు బ్యాలెన్సింగ్ వల్లే అయి ఉండాలని లేదు.

తెనాలి_టు_టెక్సాస్ · మార్చి 9, సాయంత్రం

మావయ్య గారూ, డ్రైవర్ వైపు వెనక టైరుకి ఒకచోట జానెడు మేర ఎత్తుగా తగులుతోంది. కంటికి కనపడదు, చేతికి తెలుస్తోంది. పక్క గోడ మడతల్లో సన్నటి పగుళ్లు నాలుగింటికీ ఉన్నాయి. నిన్న దీంతోనే పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని టోల్‌వే మీద తిప్పాను.

రబ్బరు_మావయ్య · మార్చి 9

పట్టీ విడిపోతోంది. బండి ఇక రోడ్డెక్కించకు. షాపుకి వెళ్లాలన్నా ట్రక్కు మీద ఎక్కించుకుని వెళ్లు. బ్యాలెన్సింగ్‌తో పోయేది కాదది.

అన్నట్టు స్టెప్నీ కూడా చూడు. దాన్ని అందరూ మర్చిపోతారు.

తెనాలి_టు_టెక్సాస్ · మార్చి 9

డిక్కీలో సన్నటి స్టెప్నీ ఉంది. దాని మీద మూడంకెలే ఉన్నాయి: 341. పక్కన చిన్న త్రికోణం గుర్తు.

రబ్బరు_మావయ్య · మార్చి 9

2000 కి ముందు మూడంకెలే వేసేవారు. త్రికోణం ఉంటే తొంభైల దశకం. అంటే 1991 లో 34వ వారం. నీ బండితో పాటు పుట్టిన స్టెప్నీ అది, మ్యూజియంలో పెట్టుకో. పంక్చరైతే టో ట్రక్కును పిలవడమే మేలు.

గోదారి_గేర్ · మార్చి 10

ఇక సైజుల సంగతి. నేను హ్యూస్టన్‌లో 1994 మియాటా ఏడేళ్లుగా నడుపుతున్నాను. 17 మోజు నాకూ ఉండేది, వేశాను, తీశాను. ఎందుకు తీశానో చెప్తా.

ముందు లెక్క చూద్దాం. 185/60 ఆర్14 అంటే వెడల్పు 185 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111. పైనా కిందా కలిపి 222. డిస్కు 14 అంగుళాలు, అంటే 355.6. మొత్తం ఎత్తు 577.6 మి.మీ. కొత్త సైజు ఏదైనా దీనికి దగ్గరగా ఉండాలి. ఇప్పుడు మిగతావి:

195/50 ఆర్15: 576. తేడా లేనట్టే.
205/50 ఆర్15: 586. ఒకటిన్నర శాతం ఎక్కువ.
195/55 ఆర్15: 595.5. మూడు శాతం ఎక్కువ. దీన్ని పొరపాటున కొనేవాళ్లు చాలామంది.
205/40 ఆర్17: 595.8. ఇదీ మూడు శాతమే.

మూడు శాతం అంటే స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే నువ్వు 62 మీద ఉంటావు. అది పెద్ద సంగతి కాదు. కానీ ఈ 1.6 ఇంజినుకి ఉన్నదే 116 హార్స్ పవర్. టైరు ఎత్తు పెరిగితే ప్రతి గేరూ కొంచెం పొడుగైనట్టే, బండి ఆ మేరకు బద్ధకిస్తుంది. దాని మీద బరువు. కంపెనీ ఇచ్చిన ఏడు చువ్వల డిస్కు, డెయిజీ అంటారు, సుమారు 12 పౌండ్లు ఉంటుంది. నేను వేసిన 17 అంగుళాల డిస్కుని బాత్రూం త్రాసు మీద పెడితే 19 వచ్చింది. వెయ్యి కిలోలకి అటూ ఇటూ ఉండే బండికి మూలకి ఏడేసి పౌండ్లు, అదీ స్ప్రింగుల కింద, తిరిగే చక్రంలో. అదేమీ కాగితం మీది తేడా కాదు. గుంత వస్తే చక్రం దిగి ఎక్కేలోపు బండి ఒకసారి పక్కకి గెంతేది. పక్క గోడ 111 నుంచి 82 మి.మీ. కి తగ్గింది కదా, గుంత దెబ్బ నేరుగా నడుముకే. రెండు నెలల్లో ఒక డిస్కు అంచు వంగింది.

ఫోటోల్లో అదిరిపోయేమాట నిజమే. ఆగి ఉన్నప్పుడు అందంగా ఉండేది.

కూకట్‌పల్లి_కుర్రాడు · మార్చి 10

సరే అన్నా, వెనక్కి తీసుకున్నా. కానీ నాకో డౌటు. నా 2008 స్విఫ్ట్ వీఎక్స్ఐకి 165/80 ఆర్14 ఉన్నాయి. పంక్చర్ షాపాయన 185/70 వెయ్ అంటున్నాడు. అది కూడా ఇలాగే తేడా కొడుతుందా?

గోదారి_గేర్ · మార్చి 10

నీది వేరే కథ తమ్ముడూ. 165/80 ఆర్14 ఎత్తు 619.6, 185/70 ఆర్14 ఎత్తు 614.6. తేడా 5 మి.మీ. అప్పట్లో అదే స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీ వాళ్లే 185/70 ఇచ్చారు. షాపాయన సరిగ్గానే చెప్పాడు. నీ డిస్కు వెడల్పు దానికి చాలుతుందో లేదో మాత్రం అడుగు, జెడ్ఎక్స్ఐకి వచ్చింది అల్లాయ్ డిస్కు. మిగతాది వేరే చర్చ తెరిచి మాట్లాడుకుందాం, ఇక్కడ మియాటా నడుస్తోంది.

స్లౌ_సీమబిడ్డ · మార్చి 11

ఇంగ్లండ్ నుంచి. నాది జపాన్ నుంచి దిగుమతైన యూనోస్ రోడ్‌స్టర్, మీ మియాటాకి కవల. నాకు 14 అంగుళాల డిస్కులే ఇష్టం. ఈ బండి 1989 లో వచ్చినప్పుడు సస్పెన్షన్ అంతా ఆ మెత్తటి పక్క గోడని లెక్కలోకి తీసుకునే కుదిర్చారు. 185/60 మీద మలుపు తిప్పితే టైరు కొంచెం ఒరిగి, నేను జారబోతున్నాను సుమా అని ముందే చెప్తుంది. పట్టు ఎక్కువున్న వెడల్పు టైరు చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. వానలో రౌండబౌట్ దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. తెనాలి గారూ, మీకు పవర్ స్టీరింగ్ లేదన్నారు. 205 వేస్తే పార్కింగ్‌లో చేతులు పడిపోతాయి. నా స్నేహితుడి బండి నడిపి చెప్తున్నా.

మా దగ్గరైతే డిస్కు సైజు మారిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి తీరాలి. చెప్పకపోతే క్లెయిమ్ అప్పుడు పేచీ పెడతారు. మీ దగ్గర పద్ధతి ఏమిటో ఫోన్ చేసి కనుక్కోండి.

గోదారి_గేర్ · మార్చి 11

సీమబిడ్డా, ఒప్పుకుంటా కానీ సగమే. 14 లో ఇప్పుడు మా దగ్గర దొరికేవి చాలావరకు సాదా ఆల్ సీజన్ టైర్లు. పొదుపు కారుకి వేసుకునే రకం. మంచి పట్టున్న టైర్లు 15 లోనే ఉన్నాయి. ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైము మీద నడిపే పోటీకి) వెళ్లేవాళ్లు హాంకుక్ ఆర్ఎస్4, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ లాంటివి 205/50 ఆర్15 లో వేస్తారు. అయితే ఆ రకం టైర్లు రోజువారీ బండికి దండగ. తొందరగా అరుగుతాయి, మోత, పైగా వేసవి రబ్బరు. 7 డిగ్రీల సెల్సియస్ కిందకి పడితే గట్టిపడిపోతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిన వారం గుర్తుందిగా? అంత చలిలో వేసవి టైరుతో బండి కదిపితే గాట్లు పగిలే ప్రమాదం కూడా ఉంది.

తెనాలి_టు_టెక్సాస్ · మార్చి 11

17 ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు అమ్మకాల్లో రెండు రకాలు కనిపిస్తున్నాయి: 15×7 (15 అంగుళాల డిస్కు, 7 అంగుళాల వెడల్పు), ఈటీ 25 ఒకటి, 15×7, ఈటీ 40 ఇంకొకటి. మొదటిది వంద డాలర్లు తక్కువ. ఈ ఈటీ గోల ఏమిటి?

ఎడిసన్_ఏలూరు · మార్చి 12

ఇది నేను చెప్తా. వంద డాలర్లకి ఆశపడి ఆరొందలు పోగొట్టుకున్నవాణ్ణి.

డిస్కు వెడల్పుకి సరిగ్గా మధ్య గీత గీశావనుకో. చక్రాన్ని బిగించే హబ్బుకి ఆనుకునే ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకి ఎన్ని మి.మీ. దూరంలో ఉందో అదే ఈటీ. ఈ అంకె పెరిగితే చక్రం లోపలికి దూరుతుంది, తగ్గితే బయటికి పొడుచుకొస్తుంది. నీ బండిది 14×5.5, ఈటీ 45. దానితో పోల్చి చూడు. 15×7 ఈటీ 40 అయితే బయటి అంచు 24 మి.మీ. ముందుకొస్తుంది, లోపలి అంచు 14 మి.మీ. లోపలికి పోతుంది. ఈటీ 25 అయితే బయటికే 39 మి.మీ. వస్తుంది. వెనక ఫెండర్ (మడ్‌గార్డు) లోపలి మడతకి టైరు తగిలి, ఇద్దరు కూర్చుని గుంతలో దిగినప్పుడల్లా బర్రుమంటుంది. నేను మడత వంచాను, రంగు పగిలింది, మళ్లీ రంగు వేయించాను. ఆరొందలు.

ఇంకో మూడు చూసుకో. బోల్టుల వరస 4×100 ఉండాలి, అంటే 100 మి.మీ. వృత్తం మీద నాలుగు బోల్టులు. మధ్య రంధ్రం మాజ్దాకి 54.1 మి.మీ. బయట కొనే డిస్కులకి పెద్దదిగా ఉంటుంది, దానికి తగ్గ రింగు వేసుకోకపోతే ఎంత బ్యాలెన్స్ చేసినా వణుకు పోకపోవచ్చు. మూడోది నట్లు. మాజ్దాకీ హోండాకీ మర ఒకటే, 12×1.5. అందుకని హోండా కంపెనీ నట్లు మాజ్దాకి బిగుసుకుంటాయి. కానీ హోండాది గుండ్రటి కూర్పు, మనది శంకువులాంటి కూర్పు. పట్టినట్టే పట్టి, తిరుగుతుంటే వదులవుతాయి. వాడిన డిస్కులతో పాటు నట్లు ఉచితంగా ఇస్తే చచ్చినా తీసుకోకు.

ఇన్ని తలనొప్పులు లేకుండా ఒక దారి ఉంది. మీ తర్వాతి తరం మియాటాకి, 1999 నుంచి, కొన్నిటికి మాజ్దానే 15×6 డిస్కులు, 195/50 ఆర్15 టైర్లు ఇచ్చింది. ఈటీ 40. బయటికి 11 మి.మీ., లోపలికి ఒకటిన్నర. రంధ్రం అదే, నట్లు అవే, రింగులక్కర్లేదు. టైరు ఎత్తు నీ పాతదానితో సమానం. ఎవరో ఒకరు పెద్ద డిస్కులు వేసుకుని వీటిని అమ్ముతూనే ఉంటారు.

స్లౌ_సీమబిడ్డ · మార్చి 12

ఇది బాగుంది. 195 కాబట్టి చేతులూ బతుకుతాయి.

రబ్బరు_మావయ్య · మార్చి 12

లోడ్ అంకె కూడా కలుస్తుంది. పాతదీ 82, ఇదీ 82, అంటే టైరుకి 475 కిలోలు. మీ బండికి కావలసినదానికంటే చాలా ఎక్కువ. కొనేటప్పుడు మళ్లీ డాట్ అంకెలు చూడు నాయనా. ఈ సైజులు అంతగా అమ్ముడుపోవు కాబట్టి గోడౌన్‌లో మూడేళ్లు పడుకున్నవి అంటగట్టే వీలుంది. ఏడాది లోపువి కావాలని ముందే అడుగు.

తెనాలి_టు_టెక్సాస్ · ఏప్రిల్ 6

ఆలస్యానికి క్షమించండి. ఏమైందో చెప్తాను.

డెంటన్‌లో ఒకాయన దగ్గర 1999 మియాటా 15×6 డిస్కులు నాలుగు 280 డాలర్లకి దొరికాయి. ఒకదానికి అంచు గీసుకుంది, వంకర మాత్రం లేదు. 195/50 ఆర్15 ఆల్ సీజన్ టైర్లు తెప్పించాను. మావయ్య గారు చెప్పినట్టు అంకెలు అడిగితే కౌంటర్ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. మూడు పోయిన ఏడాది చివరివి, ఒకటి నాలుగేళ్ల నాటిది. దాన్ని వెనక్కి పంపించి రెండు రోజులు ఆగాను.

బిగించి ఇచ్చారు. బయటికి తీశాను. మలుపులో బండి గచ్చు మీద గోలీలా జారుతున్నట్టుంది. పాతవాటికంటే ఘోరంగా ఉందేమిట్రా అని గుండె జారిపోయింది. ఇంటికొచ్చి గేజు పెట్టి చూస్తే 38 పీఎస్ఐ. తలుపు చట్రం మీద స్టిక్కర్‌లో 26 అని ఉంది. అన్ని కార్లకీ కొట్టినట్టే కొట్టేశారు. 26 కి తగ్గించాక వేరే బండి ఎక్కినట్టుంది. 70 లో కూడా వణుకు లేదు.

నట్లు వాళ్లు గన్నుతో బిగించారు. నేను వదులు చేసి టార్క్ రెంచితో 80 పౌండ్-అడుగులకి మళ్లీ బిగించాను. పుస్తకంలో 65 నుంచి 87 అని ఉంది. 50 మైళ్ల తర్వాత ఇంకోసారి చూశాను, ఒక నట్టు మాత్రం ఇంకో పావు తిప్పు తిరిగింది.

ఇక అలైన్‌మెంట్ ఉంది. ఆ టెన్షన్ ఒక్కటే మిగిలింది.

ఎడిసన్_ఏలూరు · ఏప్రిల్ 6

ఈ బండికి నాలుగు మూలలా సర్దుకునే బోల్టులు ఉంటాయి, అదే దాని గొప్ప. ముప్పై ఏళ్ల తర్వాత అవి బుష్‌లోనే తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, అదే దాని ఖర్మ. మా న్యూజెర్సీ ఉప్పు రోడ్ల మీద నావి కోసి తీయాల్సొచ్చింది. టెక్సాస్ బండి కాబట్టి నీకు అంత ఉండదు. వెళ్లే ముందు నాలుగు రోజులు పూటకోసారి తుప్పు వదిలే ఆయిల్ కొట్టు. బోల్టులు తిరిగితేనే డబ్బు ఇస్తానని షాపులో ముందే మాట్లాడుకో. కాంబర్, అంటే చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం, ముందు మైనస్ 1, వెనక మైనస్ 1.5 డిగ్రీల దగ్గర అడుగు. నలుగురూ నడిపే కొలత అదే. కొలిచేటప్పుడు నీ సీట్లో నీ అంత బరువు పెట్టమను.

రబ్బరు_మావయ్య · ఏప్రిల్ 7

ఆ పాత టైర్లు ఏం చేశావు? ఉయ్యాలకనో, ట్రాలీకనో ఎవరికైనా ఇచ్చావా?

తెనాలి_టు_టెక్సాస్ · ఏప్రిల్ 7

లేదండీ, షాపులోనే పారేయడానికి ఇచ్చేశాను. ఉబ్బున్నదాన్ని వాళ్లు విప్పి చూపించారు. లోపల ఒక వైపు రబ్బరు పొర చేత్తో లాగితే ఊడి వచ్చింది. మా ఆవిడ అది చూశాక, ఖర్చెంతయిందని అడగలేదు. మ్యూజియం స్టెప్నీ మాత్రం గ్యారేజీ గోడకి తగిలించాను.

కూకట్‌పల్లి_కుర్రాడు · ఏప్రిల్ 7

అన్నా, నేను 185/70 వేయించా, సూపర్‌గా ఉంది. అల్లాయ్‌లు కూడా కొన్నా. గాలి ఎంత కొట్టించాలి?

గోదారి_గేర్ · ఏప్రిల్ 7

డ్రైవర్ తలుపు తెరువు తమ్ముడూ. స్టిక్కర్ చూడు.

తెనాలీ, ఆ డెయిజీ డిస్కులు నాలుగూ ఖాళీగానే ఉన్నాయా? వారాంతం డాలస్ వస్తున్నా. అమ్ముతావా?

తెనాలి_టు_టెక్సాస్ · ఏప్రిల్ 8

అమ్మనన్నా. సీమబిడ్డ గారు చెప్పింది బుర్రలో తిరుగుతోంది, వానాకాలానికి వాటి మీద కొత్త 185/60 వేసి చూద్దామనుకుంటున్నా. వస్తే మాత్రం ఇంటికి రా, నడిపి చూద్దువు గాని.